పసుపు దారం బోను

శారమ్మది ఎలుకలకు తిండి పెట్టే ఉద్యోగం. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. లోకమంతా ఎలుకల్ని తరమడానికి పిల్లుల్ని పెంచుకుంటుంటే, నిజామాబాదు కాలేజీవాళ్లు జీతమిచ్చి మరీ మనిషిని పెట్టి వాటిని మేపుతున్నారంటే నమ్మేదెవరు? అత్త బాలవ్వ అయితే ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూనే, "గుట్టను తవ్వి ఎల్కను పట్టిండ్రంటరు. వీళ్లు పట్టినంక గుట్టంత తిండి పెడుతుండ్రా" అని ఒక మాట విసిరి, బీడీకి దారం ముడేసింది. శారమ్మ నవ్వి ఊరుకుంది. ఎవరేమనుకుంటేనేం, నీడపట్టున పని. ఎండలో వంగక్కర్లేదు, చెరుకు ఆకు కోసిన గీతలు చేతుల మీద పడవు.

జానకంపేటలో పొద్దున్నే బస్సెక్కి పట్నంలో దిగితే, కాలేజీ వెనక వేపచెట్ల మధ్య రేకుల షెడ్డు. తలుపు తియ్యగానే ఊక వాసన, ఎలుకల వాసన కలిసి ముఖాన కొట్టేవి. మొదటి వారం ముక్కుకు కొంగు కట్టుకుంది. ఆ తర్వాత ఆ వాసన లేకపోతేనే తోచని స్థితికి వచ్చింది. బోన్ల కింది ఊక ఎత్తి పారబోసి కొత్తది పరచడం, నీళ్ల సీసాలు కడిగి తలకిందులుగా తగిలించడం, గోధుమపిండీ శనగపిండీ కలిపి ముద్దలు చేసి పెట్టడం ఆమె పని. తెల్లటి ఎలుకలు ఎర్రటి కళ్లతో ఆమె గాజుల చప్పుడు వినగానే ఊచల దగ్గరికి ఉరికొచ్చేవి. "ఆగుండ్రి, అంతా మీకే" అంటూ వాటిని గదమాయించేది.

షెడ్డు పెత్తనం ఆత్మారాం సారుది. ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతూ డాక్టరేటు కోసం ఈ ఎలుకల మీద పరిశోధన చేస్తున్నాడు. బోధన్ పక్క చెరుకు రైతు కొడుకు. సన్నగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినవాడిలా ఉంటాడు గానీ పనిలో మాత్రం మహా చాదస్తం. చాయ్ గ్లాసు ముట్టాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవలసిందే. షెడ్డులో వేసుకున్న కోటు షెడ్డు మేకుకే వేలాడాలి, గడప దాటకూడదు. శారమ్మకైనా అదే రూలు. ముద్దలు పిసికిన చేత్తో కొంగు సర్దుకుందని ఒకరోజు ఎంత సణిగాడో.

ఈసారి పరిశోధనకు మూడు బోన్లు పెట్టాడు. శారమ్మ తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతుంది కానీ ఇంగ్లిషు అక్షరాలు రావు. అందుకని ఆయన బోన్లకు పసుపు, నీలం, ఎర్ర దారాలు కట్టి, అవే రంగుల దారాలు మూడు పొడి డబ్బాలకూ చుట్టాడు. ఏ రంగు డబ్బాలోని పొడి ఆ రంగు బోను ముద్దల్లో కలపాలి. మూడింట్లోనూ తెల్లటి పొడే. ఏ డబ్బాలో ఏముందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎలుకల గొంతులో పోసే నీళ్లు రోజూ ఆమె రాకముందే ఆయన కలిపి ఉంచేవాడు. ఏప్రిల్ ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున మాత్రం ఆలస్యమై, ఆమె ఎదుటే బల్ల మీద ఒక సీసా పెట్టాడు. శారమ్మ ఊక పరుస్తూ తల తిప్పి చూసి, చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎర్రటి త్రికోణం, పుర్రె బొమ్మ. ఆ సీసా ఆమెకు తెలుసు. చెరుకు మొవ్వు పురుగుకు కొట్టే మోనో మందు. అలాంటి ఖాళీ సీసాలోనే ఇంట్లో కిరసనాయిలు పోసుకుంటున్నారు.

ఆత్మారాం రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కున్నాడు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. కళ్లకు అద్దాలు పెట్టుకున్నాడు. అప్పుడు గాజు గొట్టంతో సీసాలోంచి ఒక్క బొట్టు తీసి, ఊపిరి బిగబట్టి నీళ్లలో వదిలాడు. పాము పిల్లను పట్టుకున్నంత జాగ్రత్త.

శారమ్మ మొగుడు దేవదాసు చెరుకు మళ్లలో కూలికి మందు కొడతాడు. ఇదే మందును బకెట్లో వంపి, కట్టె దొరక్కపోతే మోచెయ్యి దాకా ముంచి కలుపుతాడు. ఆ చేత్తోనే చెవి మీది బీడీ తీసి ముట్టించుకుంటాడు.

"ఒక్క సుక్కకు గన్ని తొడుగులెందుకు సారు?" అని అడిగింది శారమ్మ.

ఆయన గుడ్డ వెనక నుంచే చెప్పాడు, అది మింగాల్సిన పనిలేదు, చర్మానికి తగిలినా లోపలికి దిగుతుందని. తర్వాత పనంతా అయ్యి, సబ్బుతో కడుక్కుని చాయ్ తాగుతూ మిగతాది కూడా చెప్పాడు. పప్పులో, గుడ్డులో, మాంసంలో ఉండే బలాన్ని విడగొడితే అమైనో ఆమ్లాలనేవి వస్తాయట. ఇల్లు ఇటుకలతో కట్టినట్టు ఒళ్లు వాటితో కట్టుకుంటుందట. అందులో ఒకటి పొడిగా తెప్పించి తిండిలో కలిపి పెడితే, ఈ విషం ఎక్కిన ఎలుకల కాలేయం కొంతైనా నిలుస్తుందా అన్నదే ఆయన పరీక్ష. చెబుతూ చెబుతూ గంట కొట్టగానే సగంలో లేచి క్లాసుకు పరుగెత్తాడు. శారమ్మ మనసులో మాత్రం ఒక్క మాట నాటుకుపోయింది. పొడి తింటే విషం ఎక్కదు.

ఆ సాయంత్రం దేవదాసు వీపు మీది మందు పంపు దింపి ఇంటి ముందు బండ మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే అతను ఇంట్లో ఉంటే ఇల్లు ఊరుకోదు. గిన్నె దొరికితే గిన్నె మీద, తలుపు దొరికితే తలుపు మీద దరువేస్తాడు. ఆదివారం ప్రార్థనలో అతని ఢోలక్ లేకపోతే పాట లేవదు. మందు కొట్టే రోజుల్లో మాత్రం ఇలా నీరుకారిపోతాడు. మాటిమాటికీ ఉమ్ముతున్నాడు. ఒళ్లంతా చెమట. శారమ్మ మొక్కజొన్న రవ్వ గట్క వడ్డించి తెస్తే కంచం పక్కకు జరిపి, తల్లి చేటలోంచి బీడీ తీసుకున్నాడు. పుల్ల గీసిన చెయ్యి వణికి మంట బీడీకి అందలేదు.

"ఎండ దెబ్బ" అన్నాడు.

శారమ్మ దీపం దగ్గరికి తెచ్చి అతని ముఖంలోకి చూసింది. కంటి నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంత అయిపోయింది. ఆ వణుకు, ఆ చొంగ, ఆ ముడుచుకు కూర్చోవడం ఆమె అంతకు ముందే చూసింది. నీలం దారం బోనులో ఎలుకలు కొన్ని రోజులుగా అచ్చంగా అలాగే మూల నక్కి ఉంటున్నాయి. ఇన్నేళ్లూ ఎండ దెబ్బనే అనుకుంది తాను. ప్రతిసారీ నిమ్మకాయ నీళ్లిచ్చి పడుకోబెట్టింది. ఎంత తెలివితక్కువదాన్ని అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు షెడ్డులో అడుగు పెట్టగానే పనికి దిగకుండా మూడు బోన్ల ముందూ కూర్చుని చూసింది. నీలం దారం ఎలుకల బొచ్చు నిక్కబొడుచుకుని ఉంది, ముద్ద ముట్టలేదు. ఎర్ర దారంవి కాస్త తిన్నాయి, కాస్త తిరుగుతున్నాయి. పసుపు దారంవి చూస్తే కన్నుల పండుగ. నున్నగా నిగనిగలాడుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కి దొమ్మీ చేస్తున్నాయి. మూడు బోన్ల ఎలుకలకూ సారు పొద్దున్నే గొట్టంతో గొంతులో నీళ్లు పోయడం ఆమె కళ్లారా చూసిందే. విషం అన్నిటికీ పోసినప్పుడు, ఇవి మాత్రమే ఇంత హుషారుగా ఉన్నాయంటే ఆ మహిమంతా పసుపు దారం డబ్బాలోనే ఉండాలి. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే తోచింది.

వాళ్ల ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ తీసుకెళ్లి తమ ప్రార్థన గుడిలో పోస్తే, అది లేనివాళ్ల ఇంటికి చేరుతుంది. పుట్టిల్లు ముప్కాల్‌లో తల్లి నేర్పిన అలవాటు అది. పిడికెడు తీస్తే ఎవరి కడుపూ ఖాళీ కాదమ్మా అనేది తల్లి. పసుపు దారం డబ్బా మూత తీసినప్పుడు శారమ్మ ఆ మాటనే అడ్డం పెట్టుకుంది. పిడికెడు కూడా కాదు, చిటికెడు. ఎలుకలు బలంగానే ఉన్నాయి, లేనివాడు ఇంట్లో ఉన్నాడు. కాగితంలో పొట్లం కట్టి కొంగున ముడేసుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఉందని ఆమెకూ తెలుసు. బస్సులో దారి పొడుగునా కొంగు మీంచి చెయ్యి తియ్యలేదు.

మక్క గట్కలో పొడి కలిపి పెడుతూ దేవదాసుకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతనికి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఎలుకల మందు నాకు పెడుతున్నావా అని అతను నవ్వాడు. నవ్వినా తిన్నాడు.

అయితే పొడి ఒక్కటే తెస్తే పని జరగదని ఆమెకు తోచింది. తెచ్చినప్పుడు సారు పద్ధతి కూడా తేవద్దూ? ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టాలు మొదలయ్యాయి. మందు కొట్టడానికి పాత పొడుగు చేతుల అంగి ఒకటి వేరుగా. అది దొడ్లో మేకుకే తగలాలి, గడప దాటకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో తానం, అయ్యేదాకా బీడీ లేదు, నీళ్లు లేవు, గట్క లేదు. బకెట్లో చెయ్యి పెడితే ఊరుకునేది లేదని కంది కట్టె ఒకటి చెక్కి ఇచ్చింది. కిరసనాయిలు సీసాను తీసుకెళ్లి గుంత తవ్వి పాతిపెట్టింది. ఇది ఇల్లా దవాఖానానా అని బాలవ్వ మూతి తిప్పింది. బీడీల చేటను కొడుకు చేతికందకుండా చూరుకు కట్టేసినప్పుడైతే రోజంతా కోడలితో మాట్లాడలేదు.

వారం తిరిగేసరికి దేవదాసు చెయ్యి వణకడం తగ్గింది. ఉమ్మడం పోయింది. మందు కొట్టి వచ్చిన రోజే కంచం ముందేసుకుని తిన్నాడు. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు గుడిలో అతని ఢోలక్ లేచిన తీరుకు పాస్టరుగారు కూడా భుజాలు ఊపాడు. శారమ్మ ఆడవాళ్ల వరసలో కూర్చుని మొగుడి వేళ్లనే చూస్తూ పాడింది. ఆ ఆదివారం ఆమెకు ప్రపంచంలో కోరాల్సింది ఇంకేమీ కనిపించలేదు. ఒక్క పొట్లం సంగతే ముల్లులా గుచ్చుకుంటూ ఉండేది. దేవుడు చూస్తూనే ఉన్నాడు, కానీ తన బాధ కూడా చూస్తున్నాడు గదా అని సరిపెట్టుకుంది.

చిక్కు అక్కడే వచ్చింది. దేవదాసుకు పొడి మీద నమ్మకం కుదిరింది. అతనికి సంతోషం వస్తే నోట్లో మాట దాగదు. తనతో పాటు మందు కొట్టే గంగన్నతో చెప్పాడు. గంగన్న ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, తనకూ ఒక పొట్లం కావాలని చిన్నపిల్లాడిలా అడిగాడు. శారమ్మ కాదనలేకపోయింది. అంతలో ఇంకోటి వచ్చింది. వాళ్లు కూలికి పోయే లింబాద్రి పటేలుకు కాలువ పక్క పెద్ద చెరుకు మడి ఉంది. మొవ్వు పురుగు బాగా పడింది, గుడ్ ఫ్రైడేకు కూలీలు రారు కాబట్టి శుక్రవారం ముందే మొత్తం కొట్టెయ్యాలి, పొద్దూమాపూ కాదు, మధ్యాహ్నం కూడా ఆగకుండా కొట్టాలి, మందు పాళ్లు పెంచి కొట్టాలి అన్నాడట ఆయన. వేరేవాళ్లు జంకితే దేవదాసు ముందుకొచ్చి సరేనన్నాడు.

ఆ పని మొదలైన పొద్దున అతను పంపు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే శారమ్మ మేకు వైపు చూసింది. పొడుగు అంగి అక్కడే వేలాడుతోంది.

"అంగి మరిసినవ్."

"గీ ఎండల గది ఏసుకుంటే ఉడికిపోత. పొడి తింటున్న గద, ఇంగేమైతది?" అన్నాడు దేవదాసు. కంది కట్టె కూడా గోడకే ఆనించి ఉంది. ఆమె ఇంకేదో అనబోయేలోగా ఈల వేసుకుంటూ సందు మలుపు తిరిగాడు. బస్సు హారన్ వినిపించింది. ఆమె పరుగెత్తాల్సి వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుందే కానీ మనసు నిలవలేదు. రెండింతల విషానికి రెండింతల పొడి కావాలి. అంత తీస్తే డబ్బా ఖాళీ అవుతుంది, ఎలుకలకు తక్కువవుతుంది, సారు పరీక్ష పాడవుతుంది. చిటికెడు అయితే కొంగున దాగింది. ఇది దాగేది కాదు. పట్నం వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. అడుగుతా, తిడితే తిట్టనీ, పని పోతే పోనీ అనుకుంది.

ఆత్మారాం బల్ల దగ్గర వంగి ఏదో తూస్తున్నాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడింది.

"సారు, జర ఒక మాట. నేను మీ పొడి తీసిన. మా ఆయనకు పెడుతున్న. ఆయన చెరుకుకు గిదే మందు కొడుతడు" అంది. చెప్పాక కన్నీళ్లు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆత్మారాం తల ఎత్తాడు. కోప్పడలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఏ డబ్బాలకెళ్లి తీసినవ్?"

"పసుపు దారంది. అన్నిటికంటె గవే మంచిగున్నయ్ గద సారు."

ఆయన నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు. తొడుగులు ఒక్కొక్కటే ఊడదీశాడు. పసుపు దారం డబ్బా తెచ్చి, మూత తీసి, వేలితో కొంచెం తీసి తన నోట్లో వేసుకున్నాడు. శారమ్మ నివ్వెరపోయి చూసింది.

"ఇది మక్కపిండి శారమ్మా. బజార్ల దొరికేదే. ఆ బోనుకు నేను గొట్టంతో పోసేది ఉత్త నీళ్లు. విషం తగలని ఎలుక ఎట్లుంటదో తెలిస్తేనే గద మిగిలినవాటిని పోల్చి చూసేది. నీలం డబ్బాల గూడా మక్కపిండే. పొడి ఉన్నది ఎర్ర డబ్బాల."

మాట అర్థమయ్యాక ఆమెకు ముందు సిగ్గేసింది. మక్క గట్కలో మక్కపిండి కలిపి, ప్రార్థన చేసి మరీ పెట్టింది తాను. ఆ వెంటనే సిగ్గును తోసేసి ఇంకో సంగతి మీదికొచ్చింది.

"గట్లయితే జరంత ఎర్ర డబ్బాలదన్న ఇయ్యుండ్రి సారు."

ఆయన అడ్డంగా తల ఊపాడు. ఎర్ర దారం బోను వైపు చూపించాడు. పొడి పనిచేస్తోంది, నిజమే. అవి నీలం వాటికంటే ఎంతో నయం. కానీ పసుపువాటంత బాగా అవి ఏ రోజూ లేవు. పైగా ఇది ఎలుకల సంగతి, అదీ తాను బొట్టు లెక్కన పోసిన విషం సంగతి. మనిషికి ఎంత పెట్టాలో, పెడితే ఏమవుతుందో తనకే తెలియదని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగి, మరి దేవదాసు ఎలా బాగుపడ్డాడని అడిగాడు.

శారమ్మ ముక్కు తుడుచుకుంది. అంగి సంగతి, సబ్బు సంగతి, కంది కట్టె, చూరుకు కట్టిన బీడీల చేట, పాతిపెట్టిన సీసా, అన్నీ వరసగా చెప్పింది. మీరు ఇక్కడ చేసేదే అక్కడ చేయించాను సారు, అంతకంటే ఇంకేమీ లేదంది. ఆత్మారాం వింటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తన ఇంటి మడిలోనూ ఎవరో ఈ వేళ పంపు మోస్తూ ఉంటారు. వాళ్లకు తొడుగులున్నాయా అని తానెప్పుడూ అడగలేదు. ఆ మాట ఆయనే పైకి అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

చెప్పుకుంటూ పోయిన శారమ్మ చటుక్కున ఆగిపోయింది.

"ఇయ్యాల అంగి ఇడిసి పోయిండు సారు. పొడి ఉన్నదని పోయిండు."

ఆత్మారాం బల్ల సొరుగులోంచి కొత్త తొడుగుల పెట్టె, సబ్బు బిళ్ల తీశాడు. స్కూటరు తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది ఎప్పటిలాగే బల్ల మీద ఎదురుగానే ఉంది.

శారమ్మ అంతకు ముందు ఎన్నడూ స్కూటరు ఎక్కలేదు. సీటు వెనక బిగించిన స్టెప్నీ చక్రాన్ని రెండు చేతులా వాటేసుకుని పక్కకు కూర్చుంది. సారు వెనక స్కూటరు మీద వస్తున్న తనను చూసి వాడకట్టు ఏమనుకుంటుందన్న ఆలోచన రావాల్సింది, రాలేదు. దారిలో చక్కెర ఫ్యాక్టరీకి పోయే చివరి చెరుకు బండ్లు అడ్డం వచ్చినప్పుడల్లా ప్రభువా ప్రభువా అంటూ కళ్లు మూసుకుంది. తనిచ్చిన మక్కపిండే అతని అంగి విప్పించింది.

కాలువ గట్టు దిగేసరికి మందు వాసన గుప్పున కొట్టింది. దేవదాసు మడి మధ్యలో ఉన్నాడు. ఒంటి మీద బనీను కూడా లేదు. వీపున పంపు మూత దగ్గర కారి, నల్లటి చర్మం మీద తడి మెరుస్తోంది. అవతలి చాళ్లో గంగన్న ఇంకో పంపుతో ఉన్నాడు, అతనూ అంతే. దేవదాసు నడక కొంచెం తూలుతోంది. గట్టు మీద పెళ్లాన్ని చూసి, ఈ వేళప్పుడు ఇదేమిటని పంపు ఆపాడు.

శారమ్మ చెప్పులు వదిలి మడిలోకి దిగింది. చేతులకు తొడుగులు వేసుకున్నాకే అతని భుజం మీది పట్టీలు విప్పింది. సారు మాట మరవలేదు. చెయ్యి పట్టుకుని నేరుగా కాలువలోకి నడిపించింది. గంగన్నను కూడా రమ్మని కేకేసింది. దేవదాసు నడుం లోతు నీళ్లలో నిలబడి, ఏమైందే, ఎవరికేమైందే అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె సబ్బు పట్టుకుని వీపు తోముతూనే ఉంది. సారు రెండు చేతులా నీళ్లు ఎత్తి పోస్తున్నాడు.

ఒళ్లంతా శుభ్రమయ్యాక, అప్పుడు చెప్పింది.

"నీకు పెట్టింది మక్కపిండి."

"ఏంది?"

"గది పొడి కాదు. మక్కపిండి. పసుపు దారం ఎల్కలకు ఇసమే పొయ్యలే. గందుకే గవి మంచిగున్నయ్. ఇంగేం మహిమ లేదు."

కాలువ నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. దేవదాసు పెళ్లాం ముఖంలోకీ, సారు ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. దేవదాసుకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు. తన వీపు తడుముకుని, వేళ్లు ముందుకు చాపి చూసుకున్నాడు. అవి సన్నగా వణుకుతున్నాయి.

లింబాద్రి పటేలు మోటరు కొట్టం నీడలోంచి లేచి వచ్చాడు. చెడ్డ మనిషి కాడు. కూలీ ఎగ్గొట్టడు, పండగకు బెల్లం పంచుతాడు. మడి సగంలో ఆగితే మాత్రం ఆయనకు ఒళ్లు మండుతుంది. సారును చూసి నమస్కారం పెట్టి, సంగతేమిటన్నాడు. ఆత్మారాం చెప్పబోయాడు. దేవదాసు గట్టెక్కి, తడి ఒంటితోనే ఆయన ముందు నిలబడ్డాడు.

"రేపటికెళ్లి పొద్దు పొద్దున కొట్టి, ఎండ ఎక్కకముందే ఇడిసిపెడుత పటేలా. పంపు మూత బాగు చేయించుండ్రి. గట్టు మీద సబ్బు పెట్టుండ్రి. సేతులకు గీ తొడుగులు గావాలె. మందు పాళ్లు సీసా మీద రాసినంతే."

పటేలు గట్టిగా నవ్వాడు. సారు ఎలుకల సంగతి ఆయన విన్నదే. "ఏందిరా దేవదాసు, కాలేజీ ఎల్కలకు జేసే మర్యాద నీకు గావాల్నా?"

"గంతే పటేలా. ఎల్కలకు జేసినంత సాలు."

దేవదాసు ఎగతాళిగా అనలేదు. వినయంగానే అన్నాడు. గంగన్న వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. పటేలు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. సారు వైపు చూశాడు. ఇవాళ సాయంత్రం తాను కూడా ఇదే మాట తన బాపుకు చెప్పడానికి ఊరికి పోతున్నానన్నాడు ఆత్మారాం. పటేలు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పురుగు ఆగదు గదరా అని గొణిగాడు. పొద్దున్నే ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆగుతుందన్నాడు దేవదాసు. పటేలు కొట్టం వైపు తిరిగి, సబ్బు బిళ్ల ఒకటి తెమ్మని జీతగాణ్ణి కేకేశాడు.

మర్నాడు శారమ్మ కొత్తగా పట్టించిన మక్కపిండి సంచి ఒకటి చంకనపెట్టుకుని షెడ్డుకు వెళ్లింది. ఆత్మారాం వద్దన్నాడు. తన పిడికెడు తాను తిరిగి పోయకపోతే ఆదివారం గుడిలో తల ఎత్తలేనని ఆమె సంచి అక్కడే పెట్టేసింది. ఇకనైనా అడిగి తీసుకో అన్నాడాయన. అయితే ఇప్పుడే అడుగుతున్నా, పసుపు దారం, నీలం దారం చెరో మూర ఇయ్యుండ్రి సారు అంది. ఆయన నవ్వి, కండెలు రెండూ ఆమె చేతికే ఇచ్చాడు.

నీలం దారం మందు అంగి కాలరుకు కుట్టింది. పసుపు దారం ఇంటి అంగికి. మరిచిపోయినా, చీకట్లో తడుముకున్నా తేడా రాకూడదని ముడులు కూడా వేరువేరుగా వేసింది. బాలవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ, మంత్రమా ఇది అని అడిగింది. మంత్రం కాదవ్వా, గుర్తు అంది శారమ్మ.

శనివారం ఆమెకు సగం పూటే పని. ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి ఎక్కలేదు. దొడ్లో నీలం దారం అంగి తడిగా మేకుకు వేలాడుతోంది. దేవదాసు తల తుడుచుకుంటూ పసుపు దారం అంగి గుండీలు పెట్టుకుంటున్నాడు. అప్పటికే ఒక చేత్తో తలుపు మీద చిన్నగా దరువేస్తున్నాడు. రేపు ఈస్టరు, పాట సాధన చేసుకోవాలి. శారమ్మ గట్క పెట్టి, పైన పప్పు పోసి, గుడ్డు ఒకటి ఉడకబెట్టి పక్కన పెట్టింది. అతను కంచంలోకి వంగి చూశాడు.

"ఏమన్న కలిపినవా?"

"ఏం కలపలే."

అతను కూర్చున్నాడు. ముద్ద చేసిన వేళ్లు నిలకడగా ఉన్నాయి. కంచం ఊడ్చి, వేళ్లు నాకి, మళ్లీ ముందుకు జరిపాడు.

"ఇంగ జరంత పెట్టు. మస్తు ఆకలైతుంది."